నలభై ఏడు తెల్లకాగితాలు

నోటి మాటతో వెలుగును కలిగించిన దేవునికి స్తోత్రం. ఆ మాట పలకకముందు చీకటి నీళ్ల మీద ఆయన ఎంతసేపు మౌనంగా ఉన్నాడో ఆయనకొక్కడికే తెలుసు. ఆ మౌనానికీ స్తోత్రం. పెనుగాలిలో కనబడక, భూకంపంలో కనబడక, చివరికి సన్నని స్వరంలో తన సేవకుణ్ణి పలకరించిన ప్రభువుకు మహిమ కలుగును గాక. పరలోకంలో కూడా ఒకసారి కొంతసేపు ఏ చప్పుడూ లేకుండా పోయిందని వాక్యంలో చదివి చిన్నప్పుడు భయపడేదాన్ని. దూతలంతా పాట ఆపేశారంటే ఏదో జరగబోతోందని నా భయం. ఆ భయం తప్పు కాదని ఇప్పుడు తెలిసింది.

ఇది సాక్ష్యం. అయితే స్వస్థత సాక్ష్యం కాదు, వీసా సాక్ష్యమూ కాదు. మా సంఘంలో మైకు ముందు నిలబడి చెప్పడానికి రెండుసార్లు లేచాను, రెండుసార్లూ ఇంకేదో చెప్పి కూర్చున్నాను. అందుకని రాస్తున్నాను.

మా తెలుగు సంఘం న్యూజెర్సీలో, ఐసెలిన్ అంగళ్లకు పది నిమిషాల దూరంలో, ఒక పాత అమెరికన్ చర్చి కింది హాల్లో కూడుకుంటుంది. పొద్దున వాళ్ల ఆరాధన, మధ్యాహ్నం మాది. ఆ చర్చిని ఆనుకుని రంగు వెలిసిన చెక్క ఇల్లు ఒకటుంది. అందులో ఎనభై ఆరేళ్ల పెద్దావిడ ఒక్కతే ఉండేది. మేము కీర్తన ఎత్తుకోగానే నెమ్మదిగా మెట్లు దిగి వచ్చి చివరి వరుసలో కూర్చునేది. ప్రసంగం మొదలవగానే లేచి వెళ్లిపోయేది. విశ్వాసి కాదు. ఆ మాట ఆవిడే చెప్పింది.

ఆవిడ సంగీతం రాసేది. పాటలు కాదు. పియానోకి, వయొలిన్లకి, ఒక్కోసారి దేనికీ కాకుండా. నేను ఒక ఏజెన్సీ తరఫున ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే పని చేస్తాను. ఆవిడ కాలు విరిగినప్పుడు ఆ ఇంటికి నన్నే పంపారు. అప్పటినుంచి మూడేళ్లు వారానికి ఐదు రోజులు ఆవిడ దగ్గరే ఉన్నాను. స్నానం చేయించి, సూప్ కాచి, ఆవిడ చెప్పే కబుర్లు వినేదాన్ని.

నెబ్రాస్కాలో ఒక చిన్న రైల్వేస్టేషన్లో వాళ్ల నాన్న ఉద్యోగం. రోజుకి రెండు రైళ్లు. "నేను సంగీతం నేర్చుకుంది రైళ్ల దగ్గర కాదు, రెండు రైళ్ల మధ్యలో," అనేది. న్యూయార్క్‌లో చదువుకుంది. పాత గోడౌన్లలో కచేరీలు చేసేది. బయట రోడ్డు మీద లారీ వెళితేనే నలుగురు వయొలిన్ వాళ్లూ కమాను లాగాలి, లేకపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి, అలాంటి రచన ఒకటి రాసిందట. ఆ రోజు ఆ వీధిలో ఏదో పని జరుగుతూ లారీలు రాలేదు. జనం లేచి వెళ్లిపోయారు. చివరికి ఇద్దరు మిగిలారు. అందులో ఒకాయన్ని పెళ్లి చేసుకుంది. ఇంకొకాయన నిద్రపోతున్నాడని చెప్పి తనే నవ్వేది.

భర్త పోయాక ఈ ఊరొచ్చి పక్క చర్చిలో ఆర్గన్ వాయించింది. మూడో చరణానికీ నాలుగో చరణానికీ మధ్య ఆపేసేదట. పది క్షణాలు కాదు, జనం ఒకరి ముఖం ఒకరు చూసుకునేంతసేపు. ఒకామె ఆ ఆగిన చోట చనిపోయిన కొడుకు గుర్తొచ్చి ఏడ్చింది. ఇంకొకామె చర్చి పెద్దలకు ఫిర్యాదు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరమే గెలిచింది, ఆవిడ ఆర్గన్ మానేయాల్సి వచ్చింది. ఇప్పుడు పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఆవిడ రచనల మీద పిల్లలు పాఠాలు చదువుకుంటున్నారని తర్వాత తెలిసింది. ఆ చర్చిలో మాత్రం ఆవిడ పేరు చెబితే ముసలివాళ్లు ఇంకా గొంతు సవరించుకుంటారు.

ఆవిడ ఎలా రాసేదో చెప్పాలి, ఎందుకంటే అంతా అక్కడే ఉంది. ఒడిలో పలక. పలక మీద మందపాటి మీగడరంగు కాగితాలు. ముందు కొన్ని తెల్లకాగితాలు లెక్కపెట్టి కింద పరిచేది, పెదాలు కదుపుతూ. దాని పైన ఒక కాగితం పెట్టి గట్టి పెన్సిల్‌తో స్వరాలు రాసేది. రాయడం అనడం తక్కువ, చెక్కేది. రాయడం అవగానే కట్టంతా అలాగే ఎత్తి పెట్టె పక్కన పేర్చేది. పలక గరుకుగా ఉంది కాబట్టి మెత్తగా ఉండటానికి కింద కాగితాలు వేసుకుంటోందని అనుకున్నాను. మూడేళ్లు కళ్లతో చూస్తూ అదే అనుకున్నాను.

మా నాన్నగారు గుంటూరు దగ్గర మిషన్ బడిలో టీచరు, గుడిలో క్వయర్ మాస్టరు. స్వరాలు రాయడం నాకు ఆయనే నేర్పారు. కాగితం దొరకని రోజులు. నాలుగు గొంతుల పాటని ఒకే పేజీలో ఇరికించాలి. ఖాళీ వదిలితే చెయ్యి మీద స్కేలు దెబ్బ పడేది. వాక్యం చదవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కీర్తనల మధ్యలో, బ్రాకెట్లో, సెలా అని వస్తుంది.

"అది చదవకమ్మా, దాటేయ్," అనేవారు.

"ఎందుకు నాన్నా?"

"అది మనకోసం రాసింది కాదు. వాయించేవాళ్ల కోసం."

మా గుడిలో ఎవరూ చదివేవారు కాదు. ఇక్కడి సంఘంలోనూ అంతే. యాభై ఏళ్లుగా ఆ మాట మీదుగా నా కన్ను ఆగకుండా జారిపోతూనే ఉంది.

ఒక చలికాలం మధ్యాహ్నం ఆవిడే అడిగింది, మీ భాషలో ఒక కీర్తన చదువు అని. నేను లోలోపల ఎంత సంతోషించానో. ఈ ఆత్మ కోసం ఉపవాసం ఉన్నాను మరి. చదివాను. ఆవిడ తన ఇంగ్లీషు పుస్తకం తెరిచి పెట్టుకుని వింది.

"ఒకటి వదిలేశావు," అంది.

"మీకు తెలుగు రాదుగా మేడమ్."

"రాదు. నీ ఊపిరి వస్తుంది. నువ్వు ఊపిరి తీసుకునే చోట్లు పట్టుకుని నీ వెనకాలే వస్తున్నాను. ఇక్కడ ఒక మాట ఉంది. దాని మీద నుంచి కారు పోనిచ్చావు."

"అది చదవరు మేడమ్."

"ఎవరు చెప్పారు?"

"మా నాన్నగారు. క్వయర్ మాస్టరు."

"క్వయర్ మాస్టరై ఉండి దాన్ని దాటేయమన్నాడా? అయితే ఆయనకి బొత్తిగా సిగ్గు లేదన్నమాట."

నాకు కోపం వచ్చింది. "అది వాయించేవాళ్ల కోసం అని చెప్పారు," అన్నాను.

హీటరు గొట్టం టక్కుమంది. అప్పుడు అంది, "వాయించేవాళ్లని ఇక్కడ ఆగమని చెప్పే మాట అది. అరవై ఏళ్లు నాకు అన్నం పెట్టింది ఆ ఒక్క మాటే. సరిగ్గా పెట్టలేదనుకో. ఇంకోసారి చదువు. ఈసారి ఆగు."

ఆగడం నాకు చేతకాలేదు. రెండు క్షణాలు ఆగి తర్వాతి వచనంలోకి పరిగెత్తాను. ఆవిడ నవ్వి పుస్తకం మూసింది. "భయపడుతున్నావు," అంది. "అక్కడ ఏముందని?"

ఫిబ్రవరిలో స్ట్రోక్ వచ్చింది. మాట పోయింది, కుడి పక్క పోయింది. హాస్పిటల్ వాళ్లు ఇంటికి పంపించేశారు, చివరి రోజులు ఇంట్లోనే గడవనివ్వమని. ముందు గదిలో పియానో, పక్క గదిలో మంచం, మధ్యలో తలుపు తీసే ఉంటుంది. అవును, కాదు అని రాసిన కార్డు ఒకటి ఇచ్చారు. ఆవిడ ఎడమ చేత్తో దాన్ని కింద పడేసింది. ఆ చేతి చూపుడువేలు మాత్రం మంచం రెయిలింగు మీద టక్, టక్ అని కొడుతూ ఉండేది. నిమిషానికి ఇన్ని అని ఒకే నడక. వంటింట్లో ఉన్నా నాకు వినిపించేది. అది వినిపిస్తున్నంతసేపూ ఆవిడ బాగానే ఉందని నా గుర్తు.

ఫ్రీమాంట్‌లో ఉండే మేనకోడలు ఫోన్ చేసింది. ఆవిడ చివరి రచన ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీకి వెళ్లాలి. అంతకుముందు ఆవిడ పాత శిష్యుడు షామ్‌బర్గ్ నుంచి వచ్చి, ఆవిడ వింటుండగా ఒకసారి వాయిస్తాడు. రాసి పూర్తి చేశాక ఆవిడ ఒక్కసారీ వినలేదు. వినాలన్నదే ఆవిడ చివరి కోరిక.

"రాసిన కాగితాలన్నీ పెట్టెలో సర్దండి," అంది మేనకోడలు. "మిగతా చెత్త తీసేయండి. మంచం చుట్టూ నర్సుకి చోటు కావాలి."

ఆ మధ్యాహ్నం కింద కూర్చుని కట్ట విప్పాను. రాసినవి ఇరవై రెండు. వాటి మధ్య మధ్య తెల్లవి, ఒకచోట ఒకటి, ఒకచోట నాలుగు. మొదటి తెల్లకాగితం తీసి పక్కన పెట్టాను.

వేలు ఆగిపోయింది.

రెండోది తీశాను. వేలు మళ్లీ మొదలైంది, ఈసారి నడక తప్పి, గబగబా. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. "నొప్పా మేడమ్?" అని లేచాను. దిండు సరిచేశాను. పక్క తడిసిందేమో చూశాను. స్పూనుతో నీళ్లు పట్టాను, మింగలేదు. ఆవిడ నా ముఖం చూడటం లేదు. నా చేతుల్ని చూస్తోంది. నొప్పి ఎక్కువైతే ఇమ్మని నర్సు విడిగా పెట్టిన మాత్ర ఉంది. అది నలిపి యాపిల్ గుజ్జులో కలిపి పెట్టాను. పళ్లు బిగించింది. బుజ్జగించి పెట్టాను. నాకు అలవాటైన పనే. కాసేపటికి కళ్లు మూతపడ్డాయి. నేను కింద కూర్చుని, కీర్తన ఒకటి సన్నగా పాడుకుంటూ, మిగిలిన తెల్లకాగితాలన్నీ ఏరి పక్కకు తీశాను. నలభై ఏడు. ఆ కీర్తన ఏదో గుర్తుంది. ఇప్పుడు దాన్ని పాడలేను.

పారేయడానికి మనసొప్పలేదు. అయిదువేల మందికి పెట్టాక మిగిలిన ముక్కలు కూడా గంపల్లో ఎత్తించినవాడు మన ప్రభువు. అంత మంచి కాగితం రీసైక్లింగ్ డబ్బాలో వేస్తే పాపం. మా సండే స్కూల్లో బొమ్మల కాగితాలకు ఎప్పుడూ కరువే. కట్టకట్టి తీసుకెళ్లాను.

ఆ ఆదివారం పాఠం జలప్రళయం. పదమూడుమంది పిల్లలు. ఒక్కొక్కరికి రెండు మూడు కాగితాలిచ్చి ఓడ గీయమన్నాను.

"ఆంటీ, ఈ పేపర్ సూపర్ థిక్," అన్నాడొకడు.

"ఆంటీ, లయన్ వేశాను కానీ డాడీలా వచ్చింది."

"డాడీకి చూపించకు అయితే," అన్నాను. అందరూ నవ్వారు.

కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి ఓడ చుట్టూ సముద్రం నింపుతోంది, నీలం క్రేయాన్ పడుకోబెట్టి రుద్దుతూ. "ఆంటీ, నా వాటర్‌లో లైన్స్ వస్తున్నాయి. నేను వెయ్యలేదు," అంది.

"గట్టిగా రుద్దకమ్మా," అన్నాను, ఆమె వైపు చూడకుండా.

బుధవారం శిష్యుడు వచ్చాడు. అరవై దాటిన మనిషి, రెండు రోజులు కారు నడుపుకుంటూ వచ్చాడు. ఆవిడ నుదుటి మీద ముద్దుపెట్టి, పెట్టెలోంచి ఇరవై రెండు కాగితాలు తీసి పియానో మీద పెట్టుకున్నాడు. మొదలుపెట్టాడు. ఒక స్వరం, ఇంకొకటి, నాలుగు కలిసి. నేను మంచం పక్కన నిలబడ్డాను. మొదటి పేజీ అయిపోయింది. రెండో పేజీ వెంటనే వచ్చింది. ఆవిడ వేలు పైకి లేచి నిలబడింది, ఆగమన్నట్టు. ఆయన వెనక్కి చూడలేదు. మూడో పేజీ. వేలు రెయిలింగును కొట్టింది. మంచం అదిరేలా కొట్టింది. అయిదో పేజీ దాకా కొట్టి ఆపేసి, ముఖం గోడవైపు తిప్పుకుంది. మిగిలినదంతా ఆవిడ గోడకేసి చూస్తూనే వింది.

పద్నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

ఆయన లోపలికొచ్చి, "ఇంతేనా?" అన్నాడు. "గంట దాటుతుందని స్ట్రోక్‌కి ముందు ఆవిడే ఫోన్లో చెప్పింది. నేను వాయించింది... ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకున్నట్టుంది." నావైపు తిరిగాడు. "ఇంకేమైనా కాగితాలు ఉన్నాయా?"

అప్పటికే నాకు తెలిసిపోయింది. వేలు పైకి లేచి ఆగినప్పుడే తెలిసింది. మూడేళ్లుగా ఆవిడ పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది మెత్తదనం కోసం కాదు. ముందు నిశ్శబ్దాన్ని పరిచి, దాని పైన స్వరాలు రాసింది.

"రాసినవన్నీ పెట్టెలో పెట్టాను సర్," అన్నాను.

అది అబద్ధం కాదు. దానికన్నా హీనం.

ఏజెన్సీకి తెలిస్తే పని పోతుందని భయం ఒకటి. స్వరాలు చదవడం వచ్చిన క్వయర్ మాస్టర్ కూతుర్ని, నన్ను పట్టుకుని తెలివితక్కువదంటారని ఇంకో భయం. గురువారం ఏమీ చెప్పలేదు. శుక్రవారం సంఘం ఉపవాస ప్రార్థనలో మోకరించి, నా పాపాలన్నీ క్షమించు ప్రభువా అన్నాను, ఏ పాపమో ఆయనకు కూడా చెప్పకుండా. శనివారం ఆవిడకి జ్వరం వచ్చింది. వేలు ఇక కొట్టడం లేదు. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సూప్ కాచాను, బట్టలు మడిచాను. అది నన్ను చూస్తోందనిపించింది. రేడియో పెట్టాను. తీసేశాను.

ఆదివారం సండే స్కూల్ గోడ మీద, పిల్లలు ఇళ్లకు పట్టుకెళ్లగా మిగిలిన ఓడలు అంటించి ఉన్నాయి. నీలం సముద్రం ఉన్న బొమ్మ ముందు నిలబడ్డాను. ఆ నీలంలో, నీళ్ల కింద ఏదో పడుకున్నట్టు, తెల్లటి అయిదు గీతలు. వాటి మీద తలలు, తోకలు. ఆరో పేజీలోని స్వరాలు. పైకాగితం మీద ఆవిడ చెక్కినది కింది కాగితంలో అచ్చు పడింది. ఆ పిల్ల క్రేయాన్ దాన్ని పైకి తెచ్చింది.

లోకమంతా మునిగాక ఆ నీళ్ల అడుగున ఉండిపోయినవాళ్లు గుర్తొచ్చారు. అక్కడే, చిన్న కుర్చీలో కూలబడ్డాను.

బయటికి రాగానే పెద్దావిడ ఇంటికి వెళ్లాను. శిష్యుడు వరండాలో ఉన్నాడు. చెప్పాను. ఆయన అరవలేదు.

"ఎన్ని?"

"నలభై ఏడు సర్."

"మీకెప్పుడు తెలిసింది?"

"బుధవారం."

ఆయన లోపలి తలుపు వైపు చూశాడు. "నాలుగు రోజులు," అన్నాడు.

లోపలికెళ్లి ఆవిడ చెవి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. తెల్లవి నేనే తీశాను మేడమ్, మళ్లీ తెస్తాను అన్నాను. ముఖం నావైపు తిరిగింది. వేలు ఒకసారి కొట్టింది.

సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఓడ బొమ్మలు వెంటనే తిరిగి కావాలని.

"అక్కా, మావాడి ఏనుగు ఫ్రేమ్ కట్టించేశాం. ఇండియాకి కూడా ఫోటో పంపాం," అని ఒకామె.

"ఖాళీ కాగితాలేగా సిస్టర్, కొత్తవి కొనిస్తే సరిపోదా?" అన్నారు పాస్టర్‌గారు.

"నిశ్శబ్దానికి కూడా కాగితం ఎందుకు సిస్టర్? ఇక్కడ ఒక నిమిషం ఆగుము అని రాసుకోవచ్చుగా," అన్నాడు ఒక బ్రదర్. నవ్వుతూ అన్నా, వర్షంలో మూడు ఊళ్లు కారు నడిపి బొమ్మలు పోగుచేసి తెచ్చింది అతనే. స్కూల్ అలమారలో వాడనివి పద్దెనిమిది దొరికాయి. గోడ మీద నుంచీ ఇళ్ల నుంచీ కలిపి ఇరవై ఎనిమిది వచ్చాయి. ఒకటి రాలేదు. దాన్ని పిల్లవాడు పడవ చేసి బాత్‌టబ్బులో వదిలాడట. తల్లి పారేసింది.

సోమవారం మొదలుపెట్టాం. కాగితాన్ని కిటికీకి ఆనించి పట్టుకుంటే వెలుగులో అచ్చు కనిపించేది. ఏ పేజీ అచ్చు ఉంటే ఆ పేజీ తర్వాత పెట్టాలి. ఒకదాని కింద నాలుగు ఉన్నచోట మొదటిదాని మీద గట్టిగా, రెండోదాని మీద మసకగా పడింది. మూడో నాలుగో కాగితాల మీద ఏమీ లేదు. వాటికి ఆవిడే దిక్కు.

శిష్యుడు అడిగేవాడు. అవునంటే వేలు ఒకసారి కొట్టాలి. ఊరికే ఉంటే కాదని. "ఒక్కో తెల్లకాగితం ఒక్క నిమిషమా?" టక్. నేను మంచం పక్కన బొమ్మ ఎత్తి పట్టుకునేదాన్ని. సింహం. పావురం. కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న జిరాఫీ. "ఇది తొమ్మిది తర్వాతా?" నిశ్శబ్దం. "పది తర్వాతా?" నిశ్శబ్దం. "పదకొండు?" టక్. డాడీలా వచ్చిన సింహాన్ని చూసినప్పుడు ఆవిడ ముఖంలో ఎడమ సగం కొద్దిగా కదిలింది. అది నవ్వే అని నేను నమ్ముతున్నాను.

ఒక్కో కాగితానికి అరగంట పట్టేది. మధ్యలో నిద్రలోకి జారిపోయేది. ఊపిరి ఆగి ఆగి రావడం మొదలైంది. ఒక ఊపిరి, తర్వాత ఏమీ లేదు, తర్వాత ఇంకొకటి. ఆ మధ్యలో నేను ప్రార్థన చేయబోతే మాటలు వచ్చేవి కావు, లెక్కే వచ్చేది. ఆ నాలుగు రోజులు ముందే మొదలుపెట్టి ఉంటే ఎన్ని కాగితాలు అయ్యేవో ఆ లెక్కలోనే తెలిసిపోయేది. గురువారం పొద్దున నర్సు వచ్చి చూసి, "ఇక ఎక్కువసేపు లేదు," అంది. అప్పటికి పది మిగిలాయి.

ఏనుగు బొమ్మ ఎత్తి పట్టుకున్నాను. గాజు ఫ్రేములోంచి తీసినది. దాని మీద ఏ అచ్చూ లేదు.

"ఇరవై తర్వాతా?" అన్నాడాయన.

నిశ్శబ్దం.

"ఇరవై ఒకటా?"

వేలు లేచింది. రెయిలింగుకి అంగుళం ఎత్తున నిలబడింది. కిందికి దిగాలి. మేమిద్దరం ఆ వేలినే చూస్తున్నాం. హీటరు గొట్టం టక్కుమంది. నేను ఉలిక్కిపడి అదే జవాబనుకున్నాను. కాదు. వేలు అలాగే ఉంది. ఎంతసేపో తెలియదు. తర్వాత అది కొట్టలేదు, దుప్పటి మీదికి వాలిపోయింది.

అది కాదన్నట్టో, అవుననబోయినట్టో, నాకు ఈరోజుకీ తెలియదు. ఆవిడ రచన ఆవిడ వినలేదు. నేను చెప్పని నాలుగు రోజుల్లో వినేది.

సమాధి కార్యక్రమం అయిన శనివారం మధ్యాహ్నం, మా కింది హాల్లోనే ఆయన వాయించాడు. పైన కూడుకునే అమెరికన్ సంఘం ముసలివాళ్లు కొందరు వచ్చారు, మా వాళ్లు పిల్లలతో వచ్చారు. పేజీలు తిప్పే పని నాకే ఇచ్చాడు. వద్దన్నాను. "మీరే తిప్పాలి," అన్నాడు. స్వరాల పేజీ అయ్యాక ఓడ. ఒక నిమిషం అందరూ ఏనుగునో పావురాన్నో చూస్తూ కూర్చోవాలి. తన బొమ్మ వచ్చినప్పుడు ఒక పిల్ల "అది నాది" అని గుసగుసగా అంది. ఆర్గన్ రోజుల్లో పెద్దలకు ఉత్తరం రాసినామె మొదటి వరుసలో ఉందని ఎవరో చెప్పారు. ఆమె కదలలేదు.

చోటు తెలియని పదింటినీ చివర పెట్టాడు. ఇంకెక్కడా పెట్టే హక్కు మనకి లేదన్నాడు. చివరి స్వరం ఆగిపోయాక పది నిమిషాలు. ఒక్కొక్కటే తిప్పాను. నాలుగోది తిప్పేసరికి గొంతు సవరించుకోవడాలు ఆగాయి. ఏడోదానికి పిల్లలు కూడా ఊరుకున్నారు. ఏదో రాబోతోందని అందరికీ తెలిసినట్టు, అందరూ తలుపు వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నట్టు ఉంది. పదోది తిప్పాను. నిమిషం అయిపోయింది. ఆయన చేతులు దించలేదు. రాని కాగితం ఒకటి ఉందిగా. దాని నిమిషం ఎక్కడుందో, అయిందో కాలేదో, ఎవరు చెబుతారు?

ఆ పెట్టె ఇప్పుడు లైబ్రరీలో ఉంది, ఓడలతో సహా. ఏజెన్సీకి నేనే చెప్పాను. ఆదివారం ఆరాధనలో కీర్తన చదవడం నా వంతు వచ్చినప్పుడు ఆ మాట దగ్గర ఆగుతున్నాను. పాస్టర్‌గారు మొదట నా చోటు తప్పిందనుకుని వేలితో తర్వాతి వచనం చూపించేవారు. ఇప్పుడు చూపించడం లేదు. ఆగిన ప్రతిసారీ గాలిలో అంగుళం ఎత్తున ఒక వేలు కనిపిస్తుంది. ఆవిడ ఆత్మ సంగతి నాకు తెలియదు. రక్షణ గురించి చెప్పాలని మూడేళ్లు ఎదురుచూసి, చెప్పవలసిన ఒక్కమాట నాలుగు రోజులు మింగినదాన్ని, నాకేం తెలుస్తుంది.

చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నాతో ప్రార్థించండి. ప్రభువా, చెప్పవలసింది తెలిసి నోరు మూసుకున్నవాళ్లను కరుణించు. అచ్చు పడిన దాన్ని ఖాళీ అనుకుని పారేసినవాళ్లను కరుణించు. ఆ వేలు అడిగినదేమిటో నీకు తెలుసు, దానికి నువ్వే జవాబివ్వు. ఇక్కడ ఆమెన్ అనకముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ పడవ కాగితం నిమిషం అది. దాటేయకండి.